అమ్మ చెంప మీద ఫోను వార్త

ఆ వేసవిలో నేను రోజూ గ్రంథాలయానికి పోయింది ఒక్క వార్త కోసం. అది ఇంకా విడుదల కాని ఒక ఫోను గురించిన వార్త. దాన్ని ఎవరు తయారు చేస్తున్నారో ఎవరికీ తెలియదు. వెనకవైపు ఫోటో ఒకటి ఎలాగో బయటికి వచ్చింది కానీ, కంపెనీ పేరు ఉండాల్సిన చోట నల్లగా పూసేసి ఉంది. ఆ ఫోటోను చూసి ఒక పేపరు అది కొరియా వాళ్లదంది. ఇంకొకటి చైనా వాళ్లే పేరు మార్చుకుని వస్తున్నారంది. మూడో పేపరు, మన దేశంలోనే ఎవరో కొత్తవాళ్లు చేస్తున్నారని రాసింది. స్టోరేజి దగ్గరా అంతే, ఎవరి అంకె వాళ్లది. అందరూ ఒప్పుకున్న మాట ఒకటే. దాంట్లో లోతు కొలిచే కెమెరా ఉంటుందట, ధర మామూలు మనిషికి అందేంతలో ఉంటుందట.

ఆ "అట"ను నమ్ముకుని మా ఆచారి ఒక ఊరికి వాళ్ల అమ్మవారి ముఖం చెక్కి ఇస్తానని మాటిచ్చాడు.

నాది ఆళ్లగడ్డలో పాత పేపర్ల వ్యాపారం. ట్రాలీ ఆటోలో వీధివీధి తిరిగి కొంటాను, నంద్యాలలో దించుతాను. ఏడో తరగతితో బడి ఆగిపోయింది గానీ చదువు ఆగలేదు. మా ఊరి శాఖా గ్రంథాలయంలో నేను చేయి పెట్టని బీరువా లేదు. నంద్యాలకు పోయినప్పుడు అక్కడి గ్రంథాలయంలో కాసేపైనా కూర్చోకుండా తిరిగి రాను. శాసనాలు, నక్షత్రాలు, పురుగుమందులు, ఏది దొరికితే అది. మా వీధిలో ర్యాముకూ స్టోరేజికీ తేడా తెలుసుకోవాలంటే నా దగ్గరికే వస్తారు, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. నా జేబులో ఉన్నది మాత్రం బటన్ల ఫోను.

ఆచారి శిల్పి. ఆయన రాళ్ల దొడ్డీ నా గోడౌనూ పక్కపక్కనే. పగిడ్యాల అవతల, కృష్ణ వెనకజలాల ఒడ్డున ఉన్న ఒక పల్లె నుంచి పెద్దమనిషి ఆయన దగ్గరికి వచ్చాడు. నిరుటి గాలివానకు వేపకొమ్మ విరిగిపడి వాళ్ల అమ్మవారి రాయి మెడ దగ్గర చీలింది. చీలిన రాయికి పూజ కుదరదు. కొత్తది నిలపాలి, పాతదాన్ని నీళ్లలో కలపాలి.

"మొగం మాత్రం ఇదే రావల్ల ఆచారీ. వేరే మొగమైతే మా ఆడోళ్లు మొక్కరు," అన్నాడు ఆయన.

శాస్త్రం ప్రకారం చెక్కిన విగ్రహమైతే ఆచారికి కొలతలు కంఠతా వచ్చు. కానీ ఆ అమ్మను చెక్కినవాడికి శాస్త్రంతో పని లేదు. మోకాలెత్తు బండ మీద రెండు కళ్లు లేపి, ముక్కుకు ఒక గీటు, నోటికి ఒక చిన్న వంపు ఇచ్చి వదిలేశాడు. దాని మీద తరాల తరబడి పసుపూ నూనే సింధూరమూ అట్టలు కట్టాయి. ఆ అట్ట తీయాలంటే ముందు పూజారి అమ్మ శక్తిని రాతిలోంచి కలశంలోకి మార్చాలి. అది ఒక్క ఉదయం జరిగే పని. అదే రోజు మధ్యాహ్నం లోపల రాయి నీళ్లలో దిగాలి. అంటే అమ్మ అసలు ముఖాన్ని ఆచారి చూడగలిగేది ఆ మధ్యలో కాసేపే.

"ఫోటోలు దీసుకుంటే సాలదా?" అని అడిగాను.

ఆయన వేరే రాయి ఫోటో ఒకటి చూపించాడు. "సూడు భాయ్. ఫోటోలో మొగం రొట్టె మాదిరి ఉండాది. లోతు యాడుండాది దీంట్లో?"

లోతు కొలిచే కెమెరా ఉన్న ఫోనైతే ముఖం చుట్టూ తిప్పితే చాలు, ఎత్తుపల్లాలన్నీ దాచుకుంటుంది. ఊరి బయట రాళ్లు చెక్కే మిషను ఉంది, దానికి ఆ ఫైలు ఇస్తే సరిపోతుంది. కానీ అప్పటికి దొరికే అలాంటి ఫోన్ల ధర విని ఆచారి చేతులెత్తేశాడు. "దాన్ని కొంటే ఇంట్లో దాన్నే వండుకోని తినల్ల," అన్నాడు. అప్పుడే నేను రాబోయే ఫోను సంగతి చెప్పాను.

ఆ రోజు నుంచి సాయంత్రమైతే చాలు, రాతిపొడి దులుపుకుంటూ వచ్చి నా పేపర్ల కట్ట మీద కూర్చునేవాడు. "ఏమంటాండారు ఈ పొద్దు?"

"ర్యాము ఎక్కువంట. స్టోరేజి మింద కొట్లాడుకుంటాండారు."

"అవి రెండూ ఒకటే గదా?"

"కాదప్పా. ర్యామంటే నువ్వు రాయి పెట్టుకోని చెక్కే బల్ల. స్టోరేజంటే నీ దొడ్డి. బల్ల చిన్నదైతే పని నిదానం. దొడ్డి నిండితే కొత్త రాయి పెట్టనీకే తావుండదు."

"మరి అమ్మ మొగం పట్టేంత దొడ్డి ఉండాదా దాంట్లో?"

"చిన్న అంకె నిజమైనా పడతాది."

"ఎప్పుడొస్తాదంట?"

దానికి మాత్రం ఏ పేపరులోనూ జవాబు లేదు. అమ్మను కలశంలోకి మార్చే ముహూర్తం దగ్గరపడే కొద్దీ ఆ ఒక్క ప్రశ్నే మిగిలింది. ఆచారి మిగతా పనులన్నీ పక్కన పెట్టేశాడు. అమ్మ కోసం తెచ్చిన నల్లరాయిని చదును చేసి, ముఖం ఉండాల్సిన చోట ఏమీ తాకకుండా వదిలేశాడు.

నంద్యాలలో మాకు తెలిసిన సెల్ షాపాయన ఉన్నాడు. ఆయన దగ్గరికి ఇద్దరం పోయాం.

"వస్తాది భాయ్. మొదటి సరుకు నాకే," అన్నాడు.

"చేస్తాండేది ఎవరో తెలుసా నీకు?" అన్నాను నేను.

"తెలుసు. చెప్పగూడదు."

"నీకు తెలిసింటే ఈపాటికి బోర్డు రాసి కట్టేటోడివి గదప్పా!"

ఆయన నవ్వేశాడు కానీ ఆచారి నవ్వలేదు. ఆచారి ముఖం చూసి షాపాయన కూడా నెమ్మదించాడు. ముహూర్తం రోజు తెల్లవారుజామున రమ్మని, రాత్రి లారీకి పెట్టె దిగుతుందని, మా కోసమే షట్టర్ తెరుస్తానని చెప్పాడు. ఆ మాట పట్టుకుని ఆచారి ఇంకే ఏర్పాటూ చేసుకోలేదు.

ఆ రోజు చీకటితోనే నా ట్రాలీ ఆటోలో బయల్దేరాం. వెనక అంతకుముందు కొన్న పేపర్ల కట్టలు అలాగే ఉన్నాయి, దించే తీరిక లేదు. నంద్యాల చేరేసరికి షాపాయన షట్టర్ సగం ఎత్తి బయట నిలబడి ఉన్నాడు. మేము దిగకముందే తల అడ్డంగా ఊపాడు.

"రాల్యా అన్నా. తేదీ ఎనక్కి పోయిందంట."

వేరే సామాను ఏదైనా కొందామంటే ఆ వేళకు టీ అంగళ్లు తప్ప ఏవీ తెరవలేదు. ఆచారి తిరిగి ఆటో ఎక్కి, "పోనీ," అన్నాడు.

మేము చేరేసరికి పూజారి మంత్రాలు ముగించి కలశానికి గుడ్డ కడుతున్నాడు. రోజూ అమ్మకు పసుపు రాసే ముసలవ్వ వేడినీళ్లతో, సీకాయపొడితో రాతిని రుద్దుతోంది. అట్టలు పెళ్లలు పెళ్లలుగా ఊడాయి. చివరి చెంబు పోశాక లోపలి నుంచి ముఖం బయటపడింది. ఎడమ వైపు నుంచి చూస్తే అమ్మ నవ్వుతోంది. రెండడుగులు ఇటు జరిగితే కసురుకుంటోంది. ఊరి పిల్లలు తీసిన ఫోటోలు చూశాం. ఒకదాంట్లో ఉన్న ముఖం ఇంకొకదాంట్లో లేదు.

"బేగా కానీ ఆచారీ," అన్నాడు పెద్దమనిషి. "పొద్దు నెత్తి మీదికి రాకముందే రాయిని పుట్టి పడవ ఎక్కించల్ల. దాని తర్వాత రాహుకాలం."

ఆచారి ఒడ్డుకు పోయి గుప్పెడు మట్టి తెచ్చి చేతిలో పిసికి పారేశాడు. "దీంతో అచ్చు తీస్తే ఎండకు పగుల్తాది. ఆళ్లగడ్డ చేరేలోపల పిండైపోతాది." అచ్చు పోసే తెల్లపొడి కావాలంటే నందికొట్కూరు పోవాలి. పోయి వచ్చేసరికి అమ్మ నీళ్లలో ఉంటుంది.

నాకు నంద్యాల గ్రంథాలయంలోని పుస్తకం గుర్తొచ్చింది. శాసనాలకు నకలు తీసేవాళ్లు తడి కాగితాన్ని రాయికి పరిచి, బ్రష్షుతో తట్టి తట్టి అక్షరాల్లోకి దిగేలా చేస్తారని దాంట్లో చదివాను. "కాగితం ఆరినంక ఊడదీస్తే రాయి ఎట్లుంటే అట్లే వస్తాదంట," అన్నాను.

"శాసనం లోతు వేరు, ముక్కు ఎత్తు వేరు," అన్నాడు ఆచారి. కానీ ఆయన చూపు ఆటోలోని కట్టల మీదికి పోయింది. "ఒక పొరైతే సాలదు. గంజి పూసి పొర మీద పొర ఎయ్యల్ల. అవ్వా, నైవేద్యం వార్చిన గంజి ఉండాదా?"

"అమ్మ మొగానికి పాత పేపరా?" పెద్దమనిషి గొంతు లేచింది. "ఏం మాట్లాడ్తాండావ్ ఆచారీ?"

గుంపులో గొణుగుడు మొదలైంది. పేపర్లు నావి కాబట్టి నేను ఆటో దగ్గరే ఆగిపోయాను. అవ్వ లేచి పూజారి వైపు తిరిగింది. "అమ్మ ఇప్పుడు యాడుండాది సామీ?"

"కలశంలో."

"మరి ఇది?"

"రాయి."

"ఇంగేంది? ఓ సాయిబూ, పేపర్లు దీస్కరా బేగా."

ఆచారి రాతికి పలచగా నూనె రాశాడు. నేను కాగితం చింపి తడిపి అందిస్తుంటే ఆయన ముఖం మీద పరిచి, కొబ్బరిపీచుతో తట్టుతూ కంటి కొసల్లోకి, ముక్కు పక్కకి, నోటి వంపులోకి దింపాడు. పొర మీద గంజి, గంజి మీద పొర. ఇక మిగిలింది ఎండే. ఆడవాళ్లు చేటలు తెచ్చి వంతులవారీగా గాలి విసిరారు. పుట్టివాడు తెడ్డు పట్టుకుని నిలబడ్డాడు. రాతి నీడ పొట్టిదవుతూ వచ్చింది. ఆచారి వేలితో తాకి చూసేవాడు, తల అడ్డంగా ఊపేవాడు.

"ఇంగ ఆగనీకే లేదు," అన్నాడు పెద్దమనిషి.

"గడ్డం కింద ఇంకా పచ్చిగుండాది."

"ఆచారీ, ఊరికి మంచిది గాదు. ఎత్తు."

ఆచారి నుదుటి దగ్గర గోరు దూర్చి మెల్లగా లేపాడు. కాగితం చర్మంలా లేచింది. నుదురు వచ్చింది, కళ్లు వచ్చాయి, ముక్కు వచ్చింది, నోటి వంపు వచ్చింది. గడ్డం దగ్గర తడి కాగితం సాగి, చినిగి రాతి మీదే ఉండిపోయింది. ఆచారి కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు అవ్వ రాతి చెంప మీదికి వంగింది. అక్కడ సిరా అంటుకుని తిరగేసిన అక్షరాలు పడ్డాయి. "ఏం రాసుండాది సాయిబూ?"

కట్ట పైన ఉన్నవి కొత్త పేపర్లు. అద్దంలో మాదిరి తిరగబడినా నేను చదవగలిగాను. "రాబోయే ఫోను గురించి అవ్వా. ఎవరు చేస్తాండారో తెలీదంట."

"అమ్మకు ఫోనేలరా! పిలిస్తే పలకదా?"

గుంపంతా ఒక్కసారి నవ్వింది. పెద్దమనిషి కూడా నవ్వాడు. అవ్వ కొంగుతో చెంప తుడిచి, రాయిని పుట్టిలోకి ఎత్తించింది. నడుమ నీళ్లలో అది మునగడం ఆచారి చూడలేదు. ఆ కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని దాని మీదికి వంగి కూర్చున్నాడు. ఆళ్లగడ్డ చేరేదాకా అట్లాగే కూర్చున్నాడు. గాలి తగులుతుందని నేను ఆటోను మెల్లగా నడిపాను.

ఆ కాగితంలో తెల్లపొడి కలిపి పోసి అచ్చు తీశాడు. దాన్ని ఎదురుగా పెట్టుకుని ఉలితోనే చెక్కాడు. గడ్డం దగ్గర మాత్రం అచ్చులో ఏమీ లేదు. అక్కడ ఆయనే ఊహించాలి. చెక్కడం, చూడడం, వదిలేయడం. కొత్త అమ్మను నిలిపే రోజు వచ్చేదాకా ఆ కాస్త చోటు ఆయనకు నిద్ర లేకుండా చేసింది.

ఈలోపల ఆ ఫోను విడుదలైంది. ఏ పేపరూ చెప్పని కంపెనీది. లోతు కొలిచే కెమెరా లేదు. స్టోరేజి ఒక్కటే ఒక పేపరు రాసినట్టు వచ్చింది. గ్రంథాలయంలో అప్పటికే దాని తర్వాత వచ్చే ఫోను గురించి వాదించుకుంటున్నారు. ఆచారికి చెబితే తల ఎత్తకుండా, "ఊ," అన్నాడు.

కొత్త రాయిని నిలిపి, కలశంలోని అమ్మను అందులోకి పంపాక, పూజారి పక్కకు తప్పుకున్నాడు. అవ్వ పసుపు గిన్నె పట్టుకుని కూర్చుంది. మొదటి పసుపు ఆమెదే. నుదుటి మీద ఆమె బొటనవేలు ఆగకుండా పోయింది. కళ్ల మీద, ముక్కు పక్కన, చెంపల మీద వెతుక్కోకుండా తిరిగింది. గడ్డం దగ్గర ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ పోయింది. మళ్లీ ఆగింది. వెనక నిలబడ్డ ఆడవాళ్లంతా అవ్వ చేతినే చూస్తున్నారు.

"గడ్డం కొత్తగా ఉండాది," అంది అవ్వ.

ఆమె ఇంకోసారి వేలు దింపి, అక్కడే కాసేపు ఉంచింది.

"సెయ్యి అలవాటు పడతాదిలే. ఇంగ రొంత పసుపు ఇట్లియ్యి ఆచారీ."