ఖాళీ గడి

గ్లాసులో టీ సన్నగా వణికింది. ఇక్కడ గల్ఫ్‌లో, లుసైల్‌లో మా ఆఫీసు పద్దెనిమిదో అంతస్తులో ఉంది. సముద్రానికి అవతల ఇరాన్‌లో భూమి కదిలితే ఇక్కడ టీ కదులుతుంది. ఐదు నిమిషాలు గడవకముందే అల్ వక్రాలో మా కంపెనీ కార్మికుల క్యాంప్ గోడ బీటలిచ్చిందని గ్రూపులో తొమ్మిదిమంది రాశారు. నాకు ఖాదర్ సాబ్ గుర్తొచ్చారు.

ఆయనది నల్గొండ. పాత అరబ్బీ చరిత్రకారులు రాసిన భూకంపాలన్నీ ఏరి ఒక పట్టికగా కట్టడమే ఆయన ఇరవై ఏళ్ల పని. అప్పటికే చూపు మందగిస్తోంది, పూర్తిగా పోయేలోగా ముగించాలని తొందర. అప్పట్లో పనిచేసే కంపెనీ మూతపడి ఖాళీగా ఉన్న నేను, ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలోని ఆయన ఫ్లాట్‌కి వెళ్లి, ఆయన చదివి చెబుతుంటే టైపు చేసేవాణ్ణి. మాది తెనాలిలో కిరాణా కొట్టు అని తెలిసిన రోజు నుంచి నన్ను సేఠ్ అనేవారు.

ఒక భూకంపం గురించి ఆరు పుస్తకాలు చెప్పాయి. ఆరుగురు సాక్షులు దొరికారని సంబరపడ్డాను. ఆయన నవ్వారు. "ఆరుగురు గాదు సేఠ్, ఒక్కడే. మొదటోడు మా ఇంట్ల దీపం ఊగిందని రాసిండు. నూరేండ్ల తర్వాతోడు గూడ మా ఇంట్లనే ఊగిందన్నడు. ఒక్క దీపం ఆరిండ్లల్ల ఊగింది." ఒకే మిల్లు బియ్యాన్ని మూడు బస్తాల్లో పోసి మూడు పేర్లు పెట్టిన నాన్నకు పుట్టినవాణ్ణి, నాకే తట్టలేదు. ఫలానా ఆయన పుస్తకంలో చూశానని ఒప్పుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల పేర్లు చదివేటప్పుడు సాబ్ గొంతులో మర్యాద వినిపించేది.

పట్టికలో 'నష్టం' అనే నిలువు వరుసలో చాలా గడులు ఖాళీగా ఉండేవి. కొట్టులో అర ఖాళీగా కనబడకూడదని, సరుకు లేకపోతే ఉత్త డబ్బాలైనా పేర్చడం మా ఇంటి ఆచారం. అచ్చుకి పంపేముందు ఆ గడుల్లో 'ఇళ్లు కూలాయి' అని నింపేశాను. పై గడిలో అదే ఉంది మరి. చక్కగా నిండిందని మురిసిపోయాను కూడా.

ఆయన ప్రెస్ నుంచి వచ్చిన ప్రూఫులు భూతద్దంతో సరిచూస్తూ ఒక ఊరి దగ్గర ఆగి, ఇది ఎవరు చెప్పారని అడిగారు. ఎవరూ చెప్పలేదన్నాను. తిట్టలేదు.

"ఖాళీ గడి గూడ ఒక మాటే సేఠ్. ఎవ్వరు జెప్పలేదని జెప్తది. రేపు ఎవడో నిన్ను జూసి రాస్తడు, ఆని జూసి ఇంకొకడు. కూలని ఊరిని నువ్వు కూలగొట్టినవ్."

ప్రెస్ నుంచి పుస్తకం వెనక్కి తెప్పించారు. ప్రతి వరుసనూ మూలంతో మళ్లీ పోల్చడానికి ఏడు నెలలు పట్టింది. అచ్చయి వచ్చేసరికి ఆయనకు అక్షరాలు కనబడటం లేదు. నష్టం వరుస మీద నా వేలితో తన వేలు నడిపించమన్నారు. ఖాళీ అని నేను చెప్పినచోటల్లా తల ఊపారు.

ఇప్పుడు సేఫ్టీ రిపోర్టు నా డ్యూటీ. గోడ సంగతి రాయమని మేనేజర్ రెండుసార్లు ఫోన్ చేశాడు. తొమ్మిదిమందినీ అడిగాను. అందరూ ఒక డ్రైవర్ పేరే చెప్పారు, అతను ఫోన్ ఎత్తడం లేదు. 'చూసినది' అన్నచోట గ్లాసులో టీ వణికిందని రాశాను. 'నష్టం' గడి ఖాళీగా వదిలి, గోడ చూడటానికి వక్రా మెట్రో ఎక్కాను.