గుండెపోటని రాసింది నేనే

మా ఊళ్లో మనుషులు రెండే కారణాలతో చస్తారు. అరవై దాటితే వృద్ధాప్యం, దాటకపోతే గుండెపోటు. మూడో జబ్బుకి మా పొలిమేర దాటే ధైర్యం లేదు. రికార్డు చూస్తే అట్లానే ఉంటది.

మా నాన్న పద్దెనిమిదేళ్లు రాళ్ల క్రషర్లో పనిచేశాడు. ఆఖరి రెండేళ్లూ వెల్లకిలా పడుకుని ఎరగడు. గోడకి ఆనుకుని కూర్చునే దగ్గేవాడు. గ్లాసుడు నీళ్లు తాగడానికి మూడుసార్లు ఆగేవాడు. పోయిన మూడో రోజు గ్రామ సచివాలయంలో మరణ నమోదు ఫారం నా చేతికిచ్చారు, ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కణ్ణే కాబట్టి. మరణ కారణం దగ్గర పెన్ను ఆగింది.

"గుండెపోటని రాయరా. ఊపిరితిత్తులంటే పోలీసులొస్తారు, శవాన్ని కోస్తారు," అన్నాడు పెదనాన్న వెనకనుంచి.

"దహనం అయిపోయింది గదా పెదనాన్నా, ఇంకేం కోస్తారు?"

"ఇప్పుడు కూడా ఎకసెక్కాలేనంట్రా?"

రాశాను. చేతిరాత బాగుందని సెక్రటరీ మెచ్చుకున్నాడు కూడా.

ఇప్పుడు మా అన్న అదే క్రషర్లో ఉన్నాడు. ఎండాకాలం నుంచి దగ్గు. ఛాతీ ఎక్స్‌రే తీసే బండి ఊళ్లు తిరుగుతోందని విని, మాకూ పంపమని అడగడానికి పేటలో ఆరోగ్యశాఖ ఆఫీసుకి వెళ్లాను. అక్కడి మేడమ్ కంప్యూటర్ చూసి, "ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయినవాళ్లున్న ఊళ్లకి ముందు పంపుతున్నాం బాబూ. మీ ఊళ్లో ఒక్కరూ లేరు," అంది.

"మా వీధిలోనే ఆరుగురు మేడమ్!"

"ఇక్కడ అందరిదీ గుండెపోటే."

ఆమె మీద కోపం తెచ్చుకుందామని చానా ప్రయత్నం చేశాను. కుదరలేదు. స్క్రీన్ మీద మా నాన్న పేరు కూడా ఉంది. దుమ్ము కప్పిపుచ్చడానికి క్రషర్ ఓనరు ఎవరికీ టీ కూడా తాగించనక్కర్లేకపోయింది. ఆ పని మేమే చేసిపెట్టాం, గుండ్రటి అక్షరాలతో. తిట్టుకోడానికి ఆ పూట నాకు నేను తప్ప ఇంకెవరూ దొరకలేదు.

పోయినవాళ్ల ఇంటివాళ్లు సంతకాలు పెట్టి రాసిస్తే మళ్లీ విచారణ చేయిస్తానంది మేడమ్. తెల్లకాయితం మీద మొదట మా నాన్న సంగతి రాసి, పక్కింటికెళ్లాను. అత్త బియ్యం చెరుగుతోంది.

"అత్తా, మామ ఎట్లా పోయాడు?"

"ఏందిరా కొత్తగా అడుగుతావ్? గుండెపోటు."

"దగ్గేవాడు కాదా?"

"దగ్గకేం! ఏడేళ్లు. వీధి మొత్తానికీ నిద్రుందా?"

"మరి గుండెపోటెక్కడిది?"

"చివరికి గుండె ఆగింది గదరా!"

"అది ఆగకుండా ఎవరు పోయారే అత్తా?"

అత్త చేట కింద పెట్టింది. నవ్వుతుందేమో అనుకున్నాను. మా ఇంటివైపు చూసింది. అన్న డ్యూటీకి బయల్దేరబోతూ గుమ్మం పట్టుకుని దగ్గుతున్నాడు.

"దగ్గనే రాసెయ్," అంది. "వేలిముద్ర ఎక్కడెయ్యాలో చూపించు."