మంద కుక్కకు తొలి ముద్ద

మా కాక వేట మానేసి చాలా ఏళ్ళయింది కానీ, ఆయన నోరు మాత్రం ఇంకా వేట మానలేదు. కాక అంటే మా నాయినకు సొంత తమ్ముడు. వయసులో ఉన్నప్పుడు దోస్తులతో కలిసి వలలు భుజాన వేసుకుని గుట్టలన్నీ తిరిగిన మనిషి. ఇప్పుడు వేటంటే కేసు, జైలు. అందుకే వలలు అటకెక్కాయి. పొద్దున్నే గుట్ట కిందికి పోయి జింకలు వచ్చాయో లేదో చూసి రావడం మాత్రం ఆయన వదల్లేదు. కనబడితే ఆ రోజంతా హుషారు. కనబడకపోతే కోపమంతా ఇంట్లో గిన్నెల మీద.

మా ఊరు కోదాడ దగ్గరి చిలుకూరు పక్కనే. నాయిన గొర్రెలు కాస్తాడు. నేను పెళ్ళయ్యాక మిర్యాలగూడలో బట్టలు కుట్టుకుంటూ ఉంటున్నాను. ఆ వేసవిలో పిల్లల సెలవులకు అమ్మగారింటికి వచ్చాను. అన్నదమ్ములిద్దరూ పొద్దుగూకితే చాలు, మంద దగ్గర కూర్చుని తోడేళ్ళ మీద వాదులాడుకుంటున్నారు.

"జింకలు ఖతం అయినయంటే తోడేళ్ళ వల్లనే అన్నా," అనేవాడు కాక. "జింక ఈనిందంటే సాలు, వాసన పట్టుకొని వస్తయ్. పిల్లలను బతకనిస్తలేవు."

"మరి మీ వలలల్ల పడ్డయి యాడికి పోయినయ్ రా?"

"మేం సూడిదాన్ని ఇడిసిపెట్టేటోళ్ళం. తోడేలుకు గా ధర్మం ఉంటదా?"

"తోడేలు ఉరకలేనిదాన్ని పడతది. నువ్వు నిగనిగలాడేదాన్ని పట్టినవ్. ఎవరు ఖతం చేసిండ్రో నువ్వే సెప్పు."

కాక మూతి ముడుచుకునేవాడు. సూర్యాపేట మార్కెట్‌కు పోయినప్పుడల్లా ఆయన పాత వేట దోస్తులు కలుస్తారు. అక్కడ చాయ్ తాగుతూ అందరూ ఇదే మాట అనుకుంటారు కాబట్టి అదే సత్యమని ఆయన నమ్మకం. నేనూ ఊరుకోలేదు. వేములపల్లిలో వరి వేసే మా మామ, తోడేళ్ళు తిరిగినన్నాళ్ళు అడవి పందులు పొలం మీదికి ఇంత తెగించి రాలేదని అంటాడని చెప్పాను.

"మీ మామకు వరి కావాలె. నాకు జింక కావాలె," అన్నాడు కాక. ఆ మాట నాకు చిరాకు తెప్పించింది గానీ, అబద్ధమని మాత్రం అనలేను. జింక అనేటప్పుడు ఆయన గొంతు మెత్తబడేది.

విచిత్రమేమిటంటే, తోడేళ్ళ వల్ల నష్టపోయేది నాయిన. తిట్టేది కాక. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తోడేలు పట్టి చంపిన గొర్రెను ఇంటికి తేరు, కోయరు. పడ్డచోటే వదిలేస్తారు. అది దాని వాటా. వాటా గుంజుకుంటే కోపంతో మళ్ళీ మంద మీదికే వస్తుందని నాయిన నమ్మకం. ఇంకో పద్ధతి, రాత్రి అన్నం కలిపాక తొలి ముద్ద మంద కుక్కకు పెట్టాలి. అది తిన్నాకే మనుషులు తినాలి. మా నల్లకుక్క ఆ ముద్ద కోసం ఎగబడేది కాదు. నాయిన చేతిలోంచి నెమ్మదిగా అందుకుని, మంద చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి పడుకునేది.

ఒకరోజు సాయంత్రం గుట్ట కింద తోడేలు ఒక గొర్రెను పట్టింది. నాయిన కేకలు వేస్తూ, కుక్క వెంటబడుతూ తరిమారు గానీ అప్పటికే గొర్రె ప్రాణం పోయింది. నాయిన దాన్ని అక్కడే వదిలేసి మందను ఇంటికి తోలుకొచ్చాడు. "తీసుకోనీ," అన్నాడంతే. కాక అంతా విని లేచి వెళ్ళిపోయాడు.

తెల్లారి చూస్తే కుక్క లేదు.

నాయిన ఈల వేశాడు. రాలేదు. వాకిలి దాటి, మెట్ట చెలక దాకా పోయి ఈల వేశాడు. అప్పుడే కాక వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నేను చాయ్ గ్లాసు అందిస్తూ, కుక్క కనబడటం లేదన్నాను. ఆయన చేతిలో గ్లాసు ఒరిగింది. నేను ఇప్పటికీ మర్చిపోలేదు, ఆ చాయ్ ఆయన వేళ్ళ మీద ఒలికినా ఆయనకు తెలియలేదు.

"అన్నా," అన్నాడు, అప్పటికి వాకిట్లోకి తిరిగొచ్చిన నాయిన వైపు చూస్తూ. "గా గొర్రెల నేను గుళికలు కలిపిన."

గుళికలంటే వరికి వేసే పురుగుమందు. నాయిన గొర్రెను అక్కడే వదిలేస్తాడని కాకకు తెలుసు. తోడేలు దాని వాటా కోసం తిరిగి వస్తుందనీ తెలుసు. ఆ సాయంత్రమే మసక వెలుతురులో పోయి పని ముగించుకుని వచ్చాడు. వాటాల లెక్క మనుషులకు తెలుసు, తోడేలుకు తెలుసు. కుక్కకు ఎవరు చెప్పారు? ఒక్క గొర్రె వెనకబడినా దాని పక్కనే కూర్చోవాలని తప్ప దానికి మేం ఇంకేం నేర్పలేదు.

నాయిన చెప్పుల్లేకుండానే పరుగు తీశాడు. నేను స్కూటీ తీశాను. కాక వెనక ఎక్కాడు. నాకు ఆయన్ను దింపేయాలనిపించింది. దింపితే చోటు చూపించేవాళ్ళు ఉండరని ఊరుకున్నాను. దారంతా ఆయన, "అది పచ్చిమాంసం ముట్టదు బిడ్డా, మీ నాయిన అలవాటు చెయ్యలే, ముట్టదు," అని నా వీపు వెనక గొణుగుతూనే ఉన్నాడు. ఆ మాట నిజం కావాలని నేనూ మొక్కుకున్నాను. అడ్డదారిన వచ్చిన నాయిన మాకంటే ముందే చేరాడు.

కుక్క బతికే ఉంది. గొర్రె పక్కన పడుకుని తల ఎత్తి చూసింది. దూరంగా బండ మీద తోడేలు నిలబడి ఉంది. పాలిచ్చే తోడేలు, చన్నులు వేలాడుతున్నాయి. కుక్క ఉండటం వల్ల అది దగ్గరికి రాలేదు. కాక గట్టిగా ఊపిరి వదిలాడు. "సూసినవా, ముట్టలే!" అన్నాడు.

నాయిన నేల వైపు చూపించాడు. గొర్రెను ఈడ్చిన జాడ. గొర్రె పడ్డచోటు నుంచి మా ఊరి వైపు, ముళ్ళకంపల మీదుగా. కుక్క దాన్ని తినలేదు. మెడ పట్టుకుని ఇంటికి లాక్కొస్తూ ఇక్కడ పడిపోయింది. మందు అంటిన ఆ మెడను ఎంతసేపు నోట కరుచుకుని లాగిందో ఏమో. దగ్గరికి పోయి చూస్తే మూతి నిండా నురగ, కాళ్ళు కొట్టుకుంటున్నాయి.

"కోదాడ తోలుకపో," అన్నాడు నాయిన నాతో.

"నువ్వు రావా?"

బండ మీది తోడేలు వైపు తల తిప్పాడు. "నేనొస్తే అది వచ్చి తింటది. పిల్లలున్నయి దానికి." అంటూనే కంప ఏరడం మొదలుపెట్టాడు. మేం స్కూటీ మలుపు తిప్పేసరికి గొర్రెకు నిప్పు పెట్టాడు. తన కుక్కను మా చేతుల్లో పెట్టి, తన గొర్రెలు తినే జంతువు కోసం ఆ మనిషి అక్కడే నిలబడిపోయాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడిస్తే దారి కనబడదని ఆపుకున్నాను.

కోదాడ పశువుల దవాఖానలో కాక ఏదీ దాచలేదు. ఏ మందు, ఎంత కలిపాడు, ఎందుకు కలిపాడు, అన్నీ డాక్టరుకు చెప్పాడు. ఇంజక్షన్లు ఇచ్చారు. కుక్క కాక ఒళ్ళోనే ఉంది. వస్తున్నప్పుడు దారిలో ఒకసారి ఆయన చెయ్యి నాకింది. మధ్యాహ్నానికి ఊపిరి ఆగిపోయింది.

ఆ తరువాత నాయిన తమ్ముడితో మాట్లాడలేదు. తిట్టనూ లేదు. తిడితే కాకకు కొంచెం తేలికయ్యేదేమో. రాత్రి అన్నం కలిపి తొలి ముద్ద తీసి మంద దగ్గరి రాయి మీద పెట్టేవాడు. తెల్లారి కాకులు తినేవి. కాక రోజూ పొద్దుగూకేసరికి వచ్చి దడి అవతల నిలబడేవాడు. ఎవరూ రమ్మనరు, పొమ్మనరు. అమ్మ మాత్రం నా వైపు చూసి నిట్టూర్చేది. జింకల ఊసు ఎవరూ ఎత్తలేదు.

నేను మిర్యాలగూడ బయలుదేరే ముందురోజు సాయంత్రం కూడా కాక అలాగే వచ్చి నిలబడ్డాడు. నాయిన తొలి ముద్ద చేతిలోకి తీసుకుని రాయి దాకా పోయాడు. అక్కడ ఆగాడు. తరువాత దడి దగ్గరికి నడిచి ఆ ముద్దను తమ్ముడి ముందు పట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. నేనైతే పెట్టేదాన్ని కాదు. అది కుక్క ముద్ద.

కాక రెండు చేతులూ చాచాడు. నాయిన ముద్దను వెంటనే వదల్లేదు.

"ఇది తిన్నోడు తెల్లారేదాక పండొద్దు," అన్నాడు. "తోడేలు వస్తే తరుముడే. సంపుడు లేదు."

కాక తలూపాడు. నిలబడే ముద్ద తిన్నాడు. చేతులు పంచెకు తుడుచుకుని, కర్ర తీసుకుని, మంద చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. అప్పుడు గాని నాయిన అన్నానికి కూర్చోలేదు.