సూరన్న మావయ్య జబ్బులు

మా సూరన్న మావయ్యకి లేని జబ్బు లేదు. పుట్టుకతో వచ్చినవి కావు, ఒంట్లో పుట్టినవీ కావు. ఎదుటివాళ్లు చెప్పగానే వచ్చేవి. మీరు తలనొప్పి అనండి, ఆయనకి పొద్దుటి నుంచీ తల పగిలిపోతూ ఉంటుంది. మీరు మోకాళ్లు అనండి, ఆయన అప్పటికే మోకాలు పట్టుకుని అరుగు మీద కూలబడి ఉంటాడు. "నాకూ ఉన్నాది" అన్నది ఆయన ఊతపదం. బరంపురంలో ఆ మాట వినని రోగి లేడు. ఒడియా వాళ్లకైతే "మోర బి అఛి" అని వాళ్ల భాషలోనే చెప్పేవాడు. జబ్బుకి భాషాభేదం ఎందుకని కాబోలు.

రైల్వే గూడ్సు షెడ్డులో గుమస్తాగా రిటైరయ్యాక, పొద్దున్నే టిఫిను తిని గేట్ బజార్ మీద పడడమే ఆయన ఉద్యోగం. బట్టల కొట్టు పూర్ణచంద్రకి సుగరు. అక్కడ ఇద్దరూ కూర్చుని, చేదు మందు తాగినట్టు మొహాలు పెట్టి, పంచదార లేని టీ తాగేవారు. నాలుగు కొట్లు దాటితే పూలమ్మే అమ్ములుకి బీపీ. అక్కడ ఉప్పు వేయని మరమరాలు నమిలేవాడు. ఆ పక్క సందులో ధనరాజ్ గారికి కిడ్నీ జబ్బు, నీళ్లు కొలుచుకుని తాగాలి. అక్కడ నడి ఎండలో కూడా మావయ్యకి గుక్కెడు నీళ్లే. మధ్యాహ్నం ఇంటికి వచ్చి చెంబుడు మజ్జిగా, కంచం నిండా అన్నం, ఉప్పూ కారం దట్టించిన పులుసూ, ఆపైన రెండు రసగుల్లాలూ లాగించేవాడు.

"ఊరోళ్ల రోగాలన్నీ గుమ్మం బయట ఒదిలీసి లోపలికొస్తాడే ఈ మనిషి" అనేది అప్పలనరసమ్మత్త.

ఒకసారి పక్కింటి స్నేహకి వేవిళ్లు. పాపం ఆ పిల్ల పెరట్లో కక్కుకుంటూ ఉంటే, మావయ్య గోడ మీద నుంచి తొంగి చూసి, "నాకూ పొద్దున్న లేస్తే అలగే అవుతున్నాదమ్మా" అన్నాడు.

స్నేహ అత్తగారు తక్కువది కాదు. "ఎన్నో నెల అన్నయ్యా?" అంది.

మావయ్య కాసేపు ఆలోచించి, "గేసే అనుకుంటన్నాను" అన్నాడు.

చివరికి అత్త విసుగెత్తి ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. రక్తం తీశారు, ఫొటోలు తీశారు, గుండెకి తీగలు తగిలించారు. డాక్టరు నవ్వుతూ, "మీకేమీ లేదు సూరన్నగారూ. కుర్రాడి ఒళ్లు మీది" అన్నాడు. మావయ్య మొహం వాడిపోయింది.

"గట్టిగా అనకండి బాబూ" అన్నాడు తలుపు వైపు చూస్తూ. "బయట పూర్ణచంద్ర కూకున్నాడు."

ఈ సంగతి అత్త చెబితే ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వాం. నేనైతే, పరువు పోతుందని భయం కాబోలు అనుకున్నాను.

నా జబ్బు నాకు హైస్కూల్లో ఉండగా వచ్చింది. మోచేతుల మీదా, మెడ వెనకా ఎర్రగా మచ్చలు లేచి పైన తెల్లగా పొలుసులు కట్టేవి. సొరియాసిస్ అన్నారు. అది అంటుకోదు, పోదు. మొదటి ముక్క ఎవరూ నమ్మరు, రెండోది నేను నమ్మలేదు. అప్పటి నుంచి మే నెల ఎండల్లో కూడా నాకు నిండు చేతుల జాకెట్లు, మెడకి బిగించిన చున్నీ. "మా ఇందుకి సలి ఎక్కువండీ" అని అమ్మ అందరికీ చెప్పేది. బరంపురం ఎండలో చలి వేసే పిల్ల అని నన్ను చూసి అందరూ ఆశ్చర్యపోయేవారు. ఇంట్లోవాళ్లకి తప్ప ఊళ్లో ఒక్కరికి కూడా అసలు సంగతి తెలియదు.

డాక్టరు పేరు పెట్టిన రోజు సాయంత్రమే మావయ్య వచ్చాడు. గదిలో మూల కూర్చుని ఏడుస్తూ ఉంటే, పంచె పైకి లాగి మోకాలు చూపించాడు.

"నాకూ ఉన్నాది. సూడు."

"అది గూడ్సు షెడ్డులో పడితే తగిలిన దెబ్బ మావయ్యా!"

"దెబ్బ పైన ఉన్నాదే. కింద అదే."

నాకు ఒళ్లు మండిపోయింది. తలుపు ధడాలున వేశాను. నా దుఃఖం కూడా ఈయనకి తమాషా అయిపోయిందని, రాత్రి అన్నం కూడా తినలేదు.

చదువయ్యాక హైదరాబాదులో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరరు ఉద్యోగం వచ్చింది. అక్కడ నన్నెవరూ ఎరగరు, కొత్తగా బతకొచ్చని నా ఆశ. కబురు మాత్రం ఆలస్యంగా అందింది. మర్నాడు పొద్దున్నకి చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటామన్నారు. రైలు అందుకోదు. భువనేశ్వర్ వెళ్లి విమానం ఎక్కాలి. తోడు నేనొస్తానని మావయ్య బయల్దేరాడు. ఆయన జన్మలో విమానం ఎక్కలేదు. గేట్ బజార్ అంతా తిరిగి చాటింపు వేసి వచ్చాడు.

"బాబూ, పైకి ఎల్తే చెవులు మూసుకుపోతాయట" అన్నాడట పూర్ణచంద్ర.

"నాకు అప్పుడే మూసుకుపోనాయి" అన్నాడట మావయ్య, గేట్ బజార్లో నిలబడి.

అప్పుడే ఠాకురాణి జాతర అయింది. జబ్బు నయమైతే వేషం కడతామని మా ఊళ్లో అమ్మవారికి మొక్కుకుంటారు. రోగి కట్టలేకపోతే వాళ్ల తరఫున ఇంట్లోవాళ్లు కడతారు. మావయ్య ఊళ్లో రోగులందరి తరఫునా మొక్కేసుకుని, అన్నిటికీ కలిపి ఒకే పులివేషం కట్టేవాడు.

"ఇన్ని మొక్కులకి ఒక్క పులి సరిపోద్దా?" అని అత్త అడిగితే, "పెద్ద పులే" అనేవాడు.

ఆ పులి రంగుతోనే తంటా వచ్చింది. కిరసనాయిలు పెట్టి ఎంత తోమినా చెవుల వెనకా, మెడ మడతల్లోనూ పసుపు రంగు ఉండిపోయింది. తోమిన చోటల్లా చర్మం రేగి పొట్టు లేచింది. చొక్కా కాలరు నిలబెట్టి, ఆ అవతారంతోనే విమానం ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. మధ్యలో నేను. నాకు అటుపక్క సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి.

తలుపులు ఇంకా వేయలేదు. లోపల ఉక్కగా ఉంది. బెల్టు పెట్టుకుంటూ ఉంటే నా చున్నీ జారింది. ఆ పెద్దమనిషి నా మెడ చూశాడు. చూసి ఒళ్లంతా ముడుచుకున్నాడు. పైనున్న మీట నొక్కి, వచ్చిన అమ్మాయితో, "ఈవిడకేదో చర్మవ్యాధి ఉంది. నేను ఇక్కడ కూర్చోను" అన్నాడు, విమానమంతా వినేలాగ.

ఇది అంటుకోదని చెప్పాను. సొరియాసిస్ అని చెప్పాను. ఆ అమ్మాయి వెళ్లి ఒక అధికారిని తీసుకొచ్చింది. డాక్టరు సర్టిఫికెట్ ఉందా అన్నాడాయన. లేదన్నాను. మందుల గొట్టం తీసి చూపించాను. అది చాలదన్నాడు.

"మీరు దిగండి మేడమ్. సర్టిఫికెట్ తెచ్చుకుంటే రేపటి విమానంలో పంపిస్తాం."

"రేపు వెళ్లి ఉపయోగం లేదండీ. ఉద్యోగం పోతుంది."

"రూల్సు మేడమ్."

ముందు వరసల వాళ్లు వెనక్కి తిరిగి చూస్తున్నారు. వెనక వరసల వాళ్లు లేచి చూస్తున్నారు. ఇన్నేళ్లూ అమ్మా నేనూ కలిసి దాచిన మెడని అంతమందీ చూస్తూ ఉంటే, చున్నీ ఎత్తి కప్పుకుందామన్నా నా చేతులు లేవలేదు.

అంతవరకు రెక్క వైపు నోరు తెరుచుకుని చూస్తున్న మావయ్య గభాలున లేచాడు. పైన సామాన్ల అరకి తల ధన్ మని కొట్టుకుంది.

"నాకూ ఉన్నాది" అన్నాడు.

అధికారికి అర్థం కాలేదు. "మోర బి అఛి. మీ ఆల్సో" అంటూ మావయ్య కాలరు కిందికి లాగి, మెడ చాచి అందరికీ చూపించాడు. పసుపుపచ్చగా, పొట్టు లేచి, మధ్యలో నల్ల చార కూడా ఒకటి. సూటు పెద్దమనిషి ఒక్క గెంతులో రెండు వరసలు దాటేశాడు. అధికారి జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"సార్, ఇదేమిటి?"

"పులి" అన్నాడు మావయ్య.

ఇద్దర్నీ దింపేశారు. మావయ్య ముందు నడిచాడు, కాలరు అలాగే కిందికి పెట్టుకుని, అటూ ఇటూ మెడ తిప్పుతూ. అందరూ ఆయన్నే చూశారు. వెనకాల నడుస్తున్న నన్ను ఎవరూ చూడలేదు. ఇది నాకు ఆ రోజు తోచలేదు.

బయటికి వచ్చాక విరుచుకుపడ్డాను. "ఇంకాసేపు బతిమాలుకుంటే ఒప్పుకునేవాళ్లేమో మావయ్యా! పులీ గిలీ అని మొత్తం పాడు చేశావు! ప్రతిదానికీ నాకూ ఉంది, నాకూ ఉంది! ఏటి మావయ్యా నీ గోల?"

"అవునే. నాదే తప్పు" అన్నాడు.

అద్దంలోంచి చూస్తూ ఉండగానే మా విమానం ఎగిరిపోయింది. మావయ్య అది కనిపించినంతసేపూ చూశాడు. తర్వాత చిటికెన వేలితో చెవి కదుపుకుని, "సెవులు విడిపోనాయే ఇందూ" అన్నాడు మెల్లిగా. ఆయనకి విమానం మళ్లీ ఎక్కే యోగం రాలేదు.

కాలేజీకి ఫోను చేసి బతిమాలాను. చూద్దామన్నారు. ఆ ఉద్యోగం పోయింది. ఇంటికి వచ్చి గది తలుపు వేసుకున్నాను. ఊరికి తెలిసిపోయి ఉంటుంది, ఇక ఎవరికీ మొహం చూపించను అనుకున్నాను. ఏడ్చి ఏడ్చి, నెల దాటాక అమ్మ పోరు పడలేక బయటికి వచ్చాను. చిత్రం, ఎవరూ ఏమీ అడగలేదు. పూర్ణచంద్ర నన్ను చూస్తే గద్దె మీద నుంచి లేచి నిలబడేవాడు. అమ్ములు పువ్వులు మూర మీద బెత్తెడు ఎక్కువ కోసేది. ఉద్యోగం పోయిన పిల్లని జాలి పడుతున్నారనుకున్నాను. తర్వాత పురుషోత్తంపూర్ లో ఒక స్కూల్లో చేరాను. చేతులు నిండుగా కప్పుకునే రోజూ బస్సెక్కేదాన్ని.

మొన్న చలికాలంలో మావయ్య పోయాడు. రాత్రి పడుకున్నవాడు పొద్దున్న లేవలేదు. డాక్టరు వచ్చి చూసి, ఏ జబ్బూ లేదమ్మా, వయసైపోయింది, గుండె ఆగింది అన్నాడు. "ఇన్ని రోగాలున్న మనిషి ఏ రోగం లేకుండా పోనాడే" అని అత్త గుండెలు బాదుకుంది. నవ్వు రావలసిన మాటే. నేను గోడకి జారగిలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. నా మీద తలుపు వేయనివాడు ఒక్కడుండేవాడు, ఆయన మీద నేనే తలుపు వేశాను.

దినం నాడు బంధువుల కంటే రోగులు ఎక్కువ మంది వచ్చారు. భోజనాలకి ముందు పందిట్లో కూర్చుని మాట్లాడుకుంటున్నారు. పూర్ణచంద్ర కళ్లు తుడుచుకుంటూ, "సుగరే తీసుకుపోయింది బాబుని. నాతో కూచుని ఎంత చేదు టీ తాగీసినాడు" అన్నాడు.

"మీకేటి తెల్సు?" అంది అమ్ములు. "బీపీ అది. నా ముందర ఉప్పు ముట్టీవోడే కాదు."

"కాదమ్మా, కిడ్నీ" అన్నారు ధనరాజ్ గారు. "నేను డయాలసిస్ మంచం మీద ఉంటే పక్కన కూకునీవోడు. నాకు దాహమేస్తే ఆయనా నీళ్లు ముట్టీవోడు కాదు."

"సుగర్!"

"బీపీ!"

గొంతులు లేచాయి. ఎవరూ తగ్గడం లేదు. మావయ్య తన జబ్బుతోనే పోయాడని ఎవరికి వాళ్లకే పట్టుదల.

అమ్ములు నా వైపు తిరిగింది. "నువ్వు సెప్పు తల్లీ. ఆయన ఒంటి మీద రోగం సూసే కదా ఇమానంలోంచి దింపీసినారు? బంగారంలాటి ఉద్యోగం ఒదులుకుని ఆయన ఎనకాల నువ్వూ దిగిపోనావు. నీకు తెలీకుండా ఉంటాదా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఇంకెవరు, ఆయనే. వచ్చిన పొద్దే ప్రతి కొట్టూ ఎక్కి సెప్పినాడు. నన్ను దింపీసినారు, మా ఇందు నన్ను ఒదిలీసి ఎల్లనన్నాది, నా మూలంగా పిల్ల నోటికాడ కూడు పోనాదని బోరుమన్నాడు."

అత్త వైపు చూశాను. గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "నన్ను సూడకే. నీకు సెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు" అంది.

నేను ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఊరు నన్ను అలాగే లేచి నిలబడి గౌరవిస్తుంది. కాని నా వల్ల కాలేదు. కప్పుకున్న శాలువా తీసేసి, జాకెట్టు చేతులు మోచేతుల పైకి లాగాను.

"దింపింది నన్ను. ఆ జబ్బు నాది. సొరియాసిస్ అంటారు. చిన్నప్పటి నుంచీ ఉంది. ఇది అంటుకోదు."

అమ్ములు నా మోచెయ్యి అందుకుని, పువ్వులు కట్టే వేళ్లతో పొలుసుల మీద రాసి చూసింది. "నొప్పెడతాదా?" అంది.

"అప్పుడప్పుడు."

"మరి ఆయనకి?" అన్నాడు పూర్ణచంద్ర. అందరూ నా మొహంలోకే చూస్తున్నారు. ఆయనకి ఇది లేదంటే సుగరూ లేదు, బీపీ లేదు, ఆ చేదు టీలన్నీ పూర్ణచంద్ర ఒక్కడూ తాగినట్టే అవుతుంది.

"ఆయనకీ ఉండేది" అన్నాను. "అన్నీ ఉండేవి."

పూర్ణచంద్ర ఊపిరి పీల్చుకున్నాడు. "ఉన్నా గాని, పోయింది సుగర్ తోనే" అన్నాడు.

"కాదండీ, సొరియాసిస్ తో" అన్నాను.

"దాంతో ఎవులూ సావరమ్మా" అన్నారు ధనరాజ్ గారు.

"మా మావయ్య చచ్చిపోయాడు."

"తగువు సాలు, లెగండి!" అని అత్త గరిటెతో గుమ్మం మీద కొట్టింది. "అన్నీ వేరువేరుగా వండి సచ్చేను. సుగరోళ్లు ఇటు, ఉప్పు లేనోళ్లు అటు కూకోండి."

అందరూ లేచి సర్దుకున్నారు. నేను ఎటు కూర్చోవాలో అత్త చెప్పలేదు. జాకెట్టు చేతులు కిందికి లాక్కోకుండా అలాగే నిలబడ్డాను. ఉప్పు లేని వరసలో అమ్ములు కాస్త పక్కకి జరిగి, తన విస్తరి పక్కన ఇంకో విస్తరి వేసింది.