చీపురు ముట్టని ఇల్లు

తాళం వేసి ఉన్న ఇంట్లోకి అడుగుపెట్టేటప్పుడు నేను ఇప్పటికీ ముందు నా పాదాల వంక చూసుకుంటాను. సైనిక్‌పురిలో మా చిన్నవాడు ఇల్లు కొన్నప్పుడూ అంతే. అందరూ గదులు తిరిగి చూస్తుంటే నేను గుమ్మంలోనే నిలబడి, కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి, కాళ్ళు చూసుకున్నాను. కోడలు ముసిముసిగా నవ్వింది. నవ్వనీ. పిస్సులు పట్టిన ఇంట్లో ఆమె కాపురం చేయలేదు.

నాకు అనుమానం ఎక్కువని ఇంటిల్లిపాదీ అంటారు. పాలవాడు కాస్త మర్యాదగా మాట్లాడితే ఆ రోజు పాలలో నీళ్ళు ఎక్కువ కలిపాడని నేను అనుకుంటానట. అనుకుంటాను. చాలాసార్లు నిజమే అవుతుంది కూడా. అయితే ఈ గుణం నాకు పుట్టింటి నుంచి వచ్చింది కాదు. సికింద్రాబాదులో, అత్తవారింట్లో, పోలీస్ యాక్షన్ జరిగిన ఏడాది అబ్బింది.

అప్పటికి నేను కాపురానికి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. మార్కెట్ వెనక గల్లీలో పెంకుటిల్లు. అత్తగారు, మామగారు, మా ఆయన, నేను, అత్తగారి పిల్లి. ఆ పిల్లిని ఆవిడ కన్నకూతురి కంటే ఎక్కువగా చూసుకునేది. పక్కింట్లో ఒక దర్జీ, ఆయన భార్య ఉండేవారు. ముస్లింలు. తరాలుగా ఇక్కడివాళ్ళే కాబట్టి మాతో తెలుగులోనే మాట్లాడేవారు. ఆమెను నేను పిన్ని వరస కలిపి ఖాలా అని పిలిచేదాన్ని. రెండిళ్ళ పెరళ్ళకూ మధ్య గోడలో చిన్న తలుపు ఉండేది. అది మూసి ఉండగా నేను ఎప్పుడూ చూడలేదు. పిల్లి ఆ తలుపులోంచి రెండిళ్ళకూ తిరిగేది.

ఆ ఎండాకాలం ఊళ్ళో ఏదో జరగబోతోందని అందరికీ తెలుసు, ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. ఖాకీ బట్టలు వేసుకున్న రజాకార్లు వీధుల్లో కవాతు చేస్తున్నారు. ఇళ్ళకు తాళాలు పడుతున్నాయి. మామగారు కచేరీకి సెలవు పెట్టి మమ్మల్నందరినీ బెజవాడలో అత్తగారి తమ్ముడింటికి తీసుకుపోదామన్నారు. సామాను జట్కాకెక్కింది. అత్తగారు పిల్లినీ ఇంటి తాళంచెవినీ ఖాలాకు అప్పగించింది. నేను చీపురు తీసుకుని వెనకగది ఊడవబోతే ఆవిడ నా చేతిలోంచి లాక్కుంది. ప్రయాణమైన వాళ్ళ వెనక ఇల్లు ఊడిస్తే వాళ్ళు తిరిగి రారని ఆవిడ పట్టింపు. అప్పుడప్పుడు వచ్చి ఊడ్చిపెడతానని ఖాలా అంటే ఆమెకూ అదే మాట చెప్పింది. మేం తిరిగి గడప తొక్కేదాకా మా ఇంట్లో చీపురు ముట్టవద్దని ఒట్టు వేయించుకుంది.

మేం తిరిగి వచ్చేసరికి ఇండియా ఫౌజు వచ్చింది, రాజ్యం మారింది, బజార్లో బతుకమ్మకు తంగేడు పూలు అమ్ముతున్నారు. ఇల్లు ఉందో లేదోనన్న బెంగతో వచ్చామేమో, తలుపుకు మా తాళమే వేలాడుతుండటం చూసి నాకు ఏడుపొచ్చింది. పక్కింటి తలుపు మూసి ఉంది. మా ఆయన వెళ్ళి తడితే, సందులోంచి తాళంచెవి మాత్రం చేతికొచ్చింది. ఎప్పుడొచ్చారు, ఎట్లున్నారు అన్న పలకరింపు లేదు.

తలుపు తీశాం. మామగారు ముందు నడిచారు. వెనకగది దాకా వెళ్ళి తిరిగి వచ్చేసరికి ఆయన తెల్ల ధోవతి అంచు నుంచి మోకాళ్ళ దాకా నల్లగా చుక్కలు. బూడిదనుకుని దులపబోయారు. చుక్కలు ఎగిరాయి. ఆ తర్వాత నా కాళ్ళమీద, అత్తగారి కాళ్ళమీద, దించిన మూటలమీద. నువ్వుగింజలో సగం కూడా ఉండవు, పట్టుకుంటే దొరకవు, నలిపితే చావవు. సాయంత్రానికి నా చీలమండలు దద్దుర్లు తేలి ఉబ్బాయి. గోక్కుంటూ వంట చేశాను.

మామగారు కచేరీలో మిసిళ్ళు, అంటే ఫైళ్ళు, రాసి రాసి ప్రతిదానికీ కారణం వెతికే మనిషి. పిస్సు బతకాలంటే నెత్తురు కావాలి అన్నారు. ఇన్ని నెలలు తాళం వేసిన ఇంట్లో నెత్తురు ఎక్కడిది? పిల్లి పక్కింట్లో ఉంది. మనుషులం బెజవాడలో ఉన్నాం. అంటే ఇక్కడ ఎవరో ఉన్నారు. ఆ మాటతో అందరం గోక్కోవడం ఆపి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఇక ఏది చూసినా దానికే సాక్ష్యం. వెనకగదిలో అత్తగారి బొంతల మూట ముడి ఊడి ఉంది. పైబొంత మధ్యలో గుంట పడి, ఎవరో ముడుచుకుని పడుకున్నట్టుంది. మూలన ఒక మట్టి మూకుడు, అది మాది కాదు. కిరసనాయిలుకు కొట్టుకు వెళ్తే, మూలమలుపు కిరాణా ఆయన మామగారిని దగ్గరికి పిలిచి గొంతు తగ్గించి, దీపాలు పెట్టే వేళకు మీ ఇంట్లో వెలుగు కనబడేదని చెప్పాడట. ఒక్కసారి కాదట. దర్జీ ఆ ఖాకీవాళ్ళకు బట్టలు కుట్టాడన్న సంగతి గల్లీలో అందరికీ తెలుసు. కుట్టనని ఎవరనగలరు ఆ రోజుల్లో? కానీ ఇప్పుడు ఆ ప్రశ్న ఎవరూ వేయడం లేదు. ఫలానా ఇంట్లో ఫలానావాళ్ళు దాక్కున్నారని ఠాణాలో ఒక్క మాట చెబితే చాలు, జీపు వచ్చి మనిషిని ఎక్కించుకుపోతోంది. తీసుకుపోయినవాళ్ళ జాడ చాలా ఇళ్ళకు తెలియడం లేదు.

నిజాం నాటి అలవాటుగా శుక్రవారమే కచేరీకి సెలవు, ఆ రోజు ఠాణాకు వెళ్ళి చెప్పి వస్తానన్నారు మామగారు. మనం చెప్పకపోతే, రేపు ఇంకెవరో చెబితే, ఇల్లు మనది కాబట్టి మన మెడకే చుట్టుకుంటుందన్నారు. అందులోనూ న్యాయముందనిపించింది. మా ఆయన తొందరపడవద్దన్నాడు గానీ గట్టిగా అనలేదు.

ఆ కొద్దిరోజులూ నేను పెరట్లో గిన్నెలు తోముతూ గోడ అవతలి చప్పుళ్ళు వింటూ గడిపాను. కుట్టుమిషను కాసేపు తిరిగి టక్కున ఆగేది. మా అడుగులు విని ఆపారా? దేనికి? పిల్లి గోడెక్కి కూర్చుని నన్ను చూసేది, పిలిస్తే అవతలికే దూకేది. దాన్ని కూడా అనుమానించాను. గోడలో తలుపుకు అవతల గడియ వేసి ఉంది. ఇవతల మేం వేసుకున్నాం.

శుక్రవారం పొద్దున అత్తగారు నన్ను పిలిచి, వేపాకు కావాలని చెప్పి పక్కింటికి వెళ్ళమంది. వాళ్ళ పెరట్లో వేపచెట్టుంది. వేపాకు వంక మాత్రమే. ఇంట్లో ఎవరున్నారో, ఏమున్నాయో చూసి రమ్మని ఆవిడ కళ్ళతోనే చెప్పింది.

ఖాలా తలుపు ఓరగా తీసింది. బాగా చిక్కిపోయింది. నన్ను గుర్తుపట్టి, వీధి అటూ ఇటూ చూసి లోపలికి లాగి గడియ పెట్టింది. నా కళ్ళు ముందే మూలలు వెతుకుతున్నాయి. దర్జీ మిషను ముందు కూర్చుని ఉన్నాడు, కాలు తొక్కడం లేదు. మిషను కింద గుడ్డపీలికల కుప్పమీద మా పిల్లి, దాని చుట్టూ ఎదిగిన పిల్లలు. అంతే. నేను వేపాకు అడిగాను. ఆమె నా మొహం చూడలేదు, కాళ్ళు చూసింది. వంగి చీలమండ పట్టుకుని, పిస్సులేనంది. ఇంట్లో ఎన్ని ఉన్నాయి, బొంతల్లో ఉన్నాయా, బండల సందుల్లో ఉన్నాయా అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపే వేపకొమ్మలు విరిచి, కుంకుడుకాయలు కొంగున పోసుకుని, గోడలో తలుపు గడియ తీసింది. తోస్తే రాలేదు, మా వైపూ గడియ ఉందని తెలిసి తలుపు మీదినుంచి చెయ్యి తీసింది. తర్వాత వీధిలోంచి మా ఇంటికి వచ్చింది.

మామగారు వసారాలో ఉన్నారు. కచేరీకి వేసుకునే నల్లకోటు, తలకు టోపీ, చేతిలో గొడుగు. చెప్పుల్లో కాలు పెడుతున్నారు. ఖాలా ఆయనకు సలాం చేసి లోపలికి వచ్చి, మూలనున్న చీపురు దాకా వెళ్ళి ఆగింది. అత్తగారి వైపు తిరిగింది.

“అక్కా, గిప్పుడన్న ఊడ్వొచ్చునా? నువ్వు ఒట్టు పెట్టించుకున్నవని నేను చీపురు ముట్టలే. గీ పిల్లి మా ఇంట్ల నిలువలే, పెంకులల్లకెళ్లి దూరి నీ బొంతలనే ఈనింది. రోజు పొద్దుగూకంగ బుడ్డిదీపం పట్టుకొని వచ్చి మూకుట్ల పాలు పోసి పోతుంటి. ఫౌజొచ్చిన దినం పిల్లలను కొంగుల ఏస్కొని మా ఇంటికి తెచ్చిన. ఊడ్వలేదు గద, గుడ్లన్ని సందులల్లనే పడ్డయి. మనుషుల అడుగు తగిలినంక లేస్తయవి.”

బొంతలో గుంట, మూకుడు, వెలుగు, నెత్తురు అన్నీ ఒక్కసారిగా జవాబులైపోయాయి. మామగారు కాలు చెప్పులోంచి తీశారు. అత్తగారు గోడకు చేరగిలబడి కూర్చుంది. ఆవిడ పట్టింపే మా ఇంటిని పిస్సులకు అప్పగించిందని ఆవిడతో అనే ధైర్యం ఎవరికీ లేదు, అనాల్సిన పనీ లేదు.

ఆ పూట నుంచే పని మొదలుపెట్టాం. బొంతలన్నీ పెద్ద కాగులో ఉడకబెట్టి ఎండలో పరిచాం. పిల్లి ఈనిన పైబొంతను పెరట్లో కాల్చేశాం. బండల సందుల్లో ఈనెపుల్లతో గీకి, ఊడ్చిన దుమ్మును గల్లీలో పారేయకుండా నిప్పుల్లో వేశాం. కడిగి ఆరాక సందుల్లో సున్నం నింపాం. వెడల్పు తాంబాళంలో కుంకుడు రసం పోసి మధ్యలో బుడ్డి వెలిగించి ఉంచితే, వెచ్చదనానికి ఎగిరివచ్చిన పిస్సులు నురగలో పడి మునిగేవి. దర్జీ తెల్లగుడ్డ పీలికలు పంపితే వాటిని మోకాళ్ళ దాకా చుట్టుకుని గదుల్లో కావాలని నడిచాం, దాక్కున్నవి బయటికి రావాలని. పిల్లిని ఖాలా పట్టుకుంటే నేను పేలదువ్వెనతో మెడ నుంచి తోక దాకా దువ్వి, దువ్వెనను కుంకుడు నీళ్ళలో ముంచేదాన్ని. నా చేతిమీద అది గీరిన గీత ఇప్పటికీ ఉంది. అంతా పోయాయని నేను సంబరపడితే, నమ్మొద్దు, ఇంకా లేవనివి ఉంటాయి, మళ్ళీ ఊడవాలి అంది ఖాలా. అన్నట్టే మళ్ళీ లేచాయి. మళ్ళీ ఊడ్చాం. గోడలో తలుపు రెండు వైపులా తెరుచుకుంది. అత్తగారు ఒక పిల్లికూనను తెచ్చుకుంది.

మాకిక పిస్సులు కనబడని రోజుల్లో, ఒక మధ్యాహ్నం గల్లీలోకి జీపు వచ్చింది. దర్జీని ఎక్కించుకుపోయింది.

ఎవరు చెప్పారో తెలియదు. కుట్టిన ఖాకీల సంగతి చాలదా అన్నారు కొందరు. మామగారు పళ్ళెం ముందు కూర్చుని అన్నం ముట్టకుండా లేచారు. సాయంత్రం ఖాలా గోడలో తలుపులోంచి కాక వీధి గుమ్మంలోంచి వచ్చింది. కూర్చోలేదు. ఏడవనూ లేదు. అత్తగారిని ఒక్కటే అడిగింది.

“అక్కా, నేను ఊడ్వనీకె వచ్చిన దినం బావ కోటేసుకొని ఏడికి పోతుండె?”

“కచేరికి పోతుండె,” అంది అత్తగారు.

“ఆ దినం శుక్రారం అక్కా,” అంది ఖాలా.

శుక్రవారం కచేరీలు మూసి ఉంటాయని ఊళ్ళో పసిపిల్లలకూ తెలుసు. అత్తగారు నిజం చెబుదామంటే, మీ బావ నీ మొగుడిని పట్టించడానికే బయలుదేరాడు గానీ వెళ్ళలేదు అని చెప్పాలి. ఆ మాటలో సగమే ఎవరైనా వింటారు. ఖాలా వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే గోడలో తలుపుకు అవతల గడియ పడిన చప్పుడు విన్నాను.

దర్జీ చాలా నెలలకు తిరిగి వచ్చాడు. మనిషి సగమయ్యాడు, ఒక చెవి వినబడేది కాదు. మిషను మళ్ళీ తిరిగింది. మామగారు ఠాణా గడప తొక్కలేదని మా ఆయన నమ్మేవాడు. నేనూ నమ్మాను. కానీ ఆ నల్లకోటు మామగారు ప్రతిరోజూ వేసుకుని బయటికి వెళ్ళేవారు. దారిలోనే ఠాణా. ఆయన చనిపోయేదాకా, ఇంటికి వచ్చి కోటు విప్పి కొక్కానికి తగిలించే ప్రతిసారీ నేను ఆ మొహంలో ఏదో వెతికేదాన్ని. ఏమీ దొరకలేదు. వెతకడం మానలేదు.

దర్జీ తిరిగి వచ్చిన మరుసటి ఎండాకాలం ఆయనా ఖాలా గుల్బర్గాలో పెళ్ళికి ప్రయాణమయ్యారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఖాలా వాకిలి దాకా శుభ్రంగా ఊడ్చి, చీపురు లోపల పెట్టి, తాళం వేసింది. తాళంచెవి చేతిలో పట్టుకుని మా ఇంటివైపే నడిచివచ్చింది. నేను కొంగు సర్దుకుని రెండు మెట్లు దిగాను. ఆమె తలెత్తకుండా నా ముందునుంచే వెళ్ళి, మూలమలుపు కిరాణా ఆయన చేతిలో దాన్ని పెట్టి వచ్చింది.