పోగు తెగినచోట

నా చిన్నప్పుడు చింతాద్రిపేటలో మా తాతయ్య నాకు నేర్పిన ఫిడేలు పాట ఒక్కటే. దానికి మాటలు లేవు, పేరూ లేదు. అది తెలిసినవాడు పేటలో ఆయనొక్కడే మిగిలాడు. మగ్గం ఎప్పుడో అమ్మేసి, జార్జి టౌన్‌లో ఒక గోడౌనుకి కాపలా ఉండేవాడు. పగలంతా నిలబడి సాయంత్రానికి కాళ్లీడ్చుకుంటూ వచ్చేవాడు. కుడి భుజం పట్టేసి కమాను ఎత్తలేకపోయేవాడు. అందుకని తను నోటితో పాడి నా చేత వాయించేవాడు. నాకు రాకపోతే ఆ పాట ఆయనతోనే పోతుందని ఇంట్లో అందరికీ తెలుసు.

పాట మధ్యలో ఒకచోట కమాను ఎత్తేసి, తాళం నాలుగు దెబ్బల సేపు ఊరుకోవాలి. పదేళ్లకే నాకు పుట్టెడు తెలివి. ముసలాయన మరిచిపోయిన ముక్కేదో అక్కడ ఉండి ఉంటుందని తీర్మానించుకున్నాను. పక్కింటి అక్క నిశ్చితార్థంలో వాయించమంటే, ఆ ఖాళీలో గబగబా నాలుగు స్వరాలు కుక్కేశాను. "రొంబ బాగా వాయించినావు పాపా," అని ఆ అక్క వాళ్లమ్మ నా బుగ్గలు పుణికింది. తాతయ్య మాత్రం గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే నన్ను పక్క వీధికి తీసుకుపోయాడు. అక్కడ ఒక్క ఇంట్లోనే ఇంకా నేసేవారు. వీధి పొడుగునా మగ్గానికెక్కించే పడుగు చాపి, గంజి పెట్టిన నూలును అటు ఇద్దరు, ఇటు ఇద్దరు కుంచెలతో దువ్వుతున్నారు. ఎండ ముదిరితే గంజి బిగుసుకుపోతుంది కాబట్టి ఆగడానికి లేదు. తాతయ్య నా చేతికీ ఒక కుంచె ఇప్పించాడు. మూడుసార్లు అటూ ఇటూ నడిచేసరికి నా నడుము విరిగింది. అంతలో ఒక పోగు తెగింది. ఒక అవ్వ దాన్ని ముడేస్తుంటే, మిగతావాళ్లు కుంచెలు దించి నడుము మీద చెయ్యేసుకుని నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. ప్రాణం లేచొచ్చింది.

తాతయ్య నా పక్కకొచ్చి నిలబడ్డాడు. "ఆ పాట ఈడ పుట్టింది పాపా. అందరి అడుగులూ కలిసేదానికి మా నాయన ఈ అరుగు మీద కూర్చుని వాయించేవాడు. మొదట్లో పోగు తెగితేనే ఆపేవాడు. కుంచె పట్టుకుని నడిచే మా అమ్మ అలిసిపోతా ఉందని, తెగకపోయినా ఆడ కమాను ఎత్తేసేది మొదలుపెట్టినాడు. పాట ఆగితే అందరూ ఆగాల గదా. ఆమెకు దొరికేది ఆ రవ్వంత సేపే. నువ్వు అది గూడా తీసేస్తివే."

కోప్పడి ఉంటే కాసేపు ఏడ్చి ఊరుకునేదాన్ని. అలిసిపోయిన గొంతుతో అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం ఆయన ముందు కూర్చుని వాయించాను. ఆ చోటికి రాగానే కమాను ఎత్తాను. తాతయ్య భుజాలు కిందికి జారాయి. గట్టిగా ఊపిరి వదిలాడు. "ముడి పడింది, ఇంక కానియ్యి," అన్నాడు.

ఇప్పుడు నాకూ భుజం పట్టేస్తోంది. నా దగ్గర నేర్చుకునే పిల్లలకూ పుట్టెడు తెలివే, అక్కడ ఏదో ఒకటి కుక్కబోతారు. వాళ్లకు చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది. అయినా విసుక్కుంటూనే వాళ్ల చెయ్యి పట్టి ఆపుతాను. నేనెన్నడూ చూడని మా తాతయ్య వాళ్లమ్మ ఆ వీధిలో కుంచె దించి, నడుము మీద చెయ్యేసుకుని నిలబడి ఉంటుంది. ఆమె ఊపిరి తీసుకునేదాకా కమాను దించనివ్వను.