మందుల వదిన

అమ్ముడుపోని ప్రతి సీసా ధరనూ ఆమె జీతంలోంచే కోసేవారు. బంకులో డీజిల్ కొట్టే మనిషికి వచ్చేదే అంతంతమాత్రం, దానికి తోడు ఈ కోత. ఏళ్ల తరబడి ఆ కోత గురించి ఆమె పల్లెత్తు మాట అనలేదు. మిగిలిన సీసాలను మాత్రం మేనేజరు "ఇవి నీవే కదమ్మా" అంటూ మహా ధర్మంగా ఆమె చేతికే ఇచ్చేవాడు. అవి వంటింటి అటక మీద పేరుకుపోయాయి.

"బండి లేని కొంపలో బండి మందులు!" అని అత్తగారు దెప్పేది. "గుర్రం లేనివాడు గుగ్గిళ్లు దాచుకున్నట్టుంది."

"మీ మోకాళ్లకి రాయనా అత్తయ్యా? లేచి పరిగెడతారు."

"రాయవే. రేపట్నుంచి బంకుకి నేనే పోతా."

ఆ సీసాల్లో ఉండేది ఇంజను శుభ్రపడుతుందని డీజిల్లో కలిపే ద్రవం, డ్రైవర్లంతా దాన్ని మందు అనే అంటారు. అలా ఆమె మందుల వదిన అయింది. మోచేతుల దాకా మడిచిన కంపెనీ చొక్కా, ఎంత కడిగినా వదలని డీజిల్ వాసన, ఎవరికీ బాకీ ఉంచని నోరు.

"వదినా, సగం నాకు పోసి సగం బండికి పొయ్యి" అంటాడు లారీ డ్రైవరు.

"బండి తాగితే నడుస్తుంది, నువ్వు తాగితే తూలతావు. జరుగు తమ్ముడూ."

ఖరీదైన డీజిల్ అంటగట్టడానికి కూడా బంకులో ఒక మాట నేర్పారు. "ఏది కొట్టమంటారు?" అని అడగకూడదు, "పవర్ డీజిలే కదండీ?" అనాలి. మొహమాటస్థులు తలూపేస్తారు. ఆ మాట అనేటప్పుడు మాత్రం ఆమె మనిషి మొహం చూడదు, మీటరు వంక చూస్తుంది.

ఒకరోజు కూరగాయల వ్యానతను వచ్చాడు. బండి వెనక నల్లటి పొగ. "ఇంకో సీసా ఇవ్వు వదినా. ఎత్తు ఎక్కనని మొరాయిస్తోంది."

ఆమె సీసా అందుకుంది, మళ్లీ కింద పెట్టేసింది. "ఇన్నాళ్లూ పోశావుగా, పొగ తగ్గిందా?"

"లేదు."

"మరింకెందుకు? గాలి ఫిల్టరు ఎప్పుడు మార్చావు?"

"దాన్ని మార్చాలా?"

"పో నాయనా, ముందు మెకానిక్ దగ్గరికి పో."

వెనకే మేనేజరు నిలబడి ఉన్నాడు. "నీకు జీతమిచ్చేది ఈ బండ్లా, నేనా?"

"మీరే సార్. కోసేదీ మీరే."

నెలాఖరులోగా ఆమెకిచ్చిన పెట్టెలోని సీసాలన్నీ అమ్మకపోతే ఉద్యోగం మానుకోమని మేనేజరు అక్కడికక్కడే చెప్పేశాడు.

మందులన్నీ మోసమని నేను అనను. ఇంజెక్టర్లలో మసి పట్టిన పాత బండికి కొన్ని కాస్త సాయం చేయవచ్చు. గడ్డకట్టే చలిలో డీజిల్ చిక్కబడకుండా చూసేవీ ఉన్నాయి. కానీ సవ్యంగా నడిచే బండికి, దాని తయారీదారే వేరేది వాడమని చెబితే తప్ప, నాణ్యమైన మామూలు డీజిల్ చాలు. ఫిల్టరు పూడుకుపోయిన బండికి మందు పోయడమంటే, వ్యానతని మెకానిక్ అన్నట్టు, "ముక్కు మూసేసి టానిక్ తాగించడమే."

ఫిల్టరు మార్చాక వ్యాను బాగుపడింది. అతను తిరిగొచ్చి ఏకంగా నాలుగు సీసాలు ఇమ్మన్నాడు. అతని వెనక లారీ డ్రైవరు, ఆ వెనక ఇంకో ఇద్దరు.

"నీ ఉద్యోగం కోసం వదినా. పారబోసుకుంటాం, నీకెందుకు?"

ఆమె కళ్లు తుడుచుకుంది. కానీ సీసాలు ఇవ్వలేదు. "ఈ నెల మీరు కొంటే, వచ్చే నెల రెండు పెట్టెలు దించుతాడు. నా పక్క మిషను దగ్గర చెల్లాయి ఉంది, దాని నెత్తిన కూడా పెడతాడు. నా మీద ప్రేముంటే ఆ మేనేజరు అద్దాల గదిలోకెళ్లి ఈ కోత సంగతి మాట్లాడండి."

ఇంకా నెలాఖరు రాలేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఇలాంటి వదినలు మీరు వెళ్లే బంకులోనూ ఉంటారు. జాలిపడి సీసా కొనకండి. వాళ్ల మీద విసుక్కోకండి. "మామూలు డీజిల్ చాలు" అని నవ్వుతూ చెప్పి, నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్లండి. అమ్ముడుపోని సీసాకి వీళ్ల జీతం ఎందుకు కోస్తున్నారని అడగండి. పక్కవాళ్లకి వినపడేలా అడగండి.